గుఱ్ఱము కడుపు ఖాళీగా నుంచరాదు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పశుపోషణమునుగూర్చి ఏదేని ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను గేదెలనుగూర్చియో కోళ్లనుగూర్చియో చెప్పుదునని వారు తలచియుందురు. పాడిపశువులనుగూర్చి చెప్పువారు పెక్కుమంది గలరు. ఈ గ్రంథాలయమునందే ఆ విషయమున ఒక అర నిండ పుస్తకములున్నవి. గుఱ్ఱమునుగూర్చి ఒక్కటియు కనబడలేదు. అయినను ఈ గ్రామమున గుఱ్ఱములు లేకపోలేదు. పెండ్లి దినములు వచ్చినంతనే ఇచటి గుఱ్ఱములు మధ్యాహ్నమే చిన్న లారీలెక్కి అమీర్‌పేట, పంజగుట్టల దారి పట్టుచున్నవి. వానిని మేపువారు ఈ సభలో ముందు వరుసలలోనే యున్నారు. వానిని బాడుగకు దెచ్చి పెండ్లికొడుకును ఊరేగించువారును తక్కిన వరుసలలో నున్నారు. ఉభయులకును చెప్పవలసిన మాట యొకటి గలదు. అది గుఱ్ఱము కడుపులో పుట్టు పుండ్లను గూర్చినది. మనము అల్సరని వాడుకగా చెప్పుకొను జబ్బు గుఱ్ఱమునకును గలదు. అది మనుష్యులకంటె గుఱ్ఱములకే ఎక్కువ.

అమీర్‌పేట ప్రాంతమునకు గుఱ్ఱము క్రొత్తది కాదు. ఆ ప్రక్కనే బేగంపేటలో పాయిగా ప్రభువుల ప్రాసాదము నేటికిని నిలిచియున్నది. నిజాము రాజ్యమునకు ఆశ్విక దళములను పోషించి యిచ్చిన వంశమది. పాయిగా అను పారసీక పదమునకు పదవి యనియే గాక గుఱ్ఱపుసాల యనియు అర్థము గలదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను 1886లో గుఱ్ఱపు పందెములను మౌలాలినుండి మలక్‌పేటకు తెచ్చినాడు. జట్కాలు పోయినవి, రౌతులు పోయినారు. 2017 మొదలు అమీర్‌పేటలో మెట్రో రైళ్లు మేడలెత్తున పరుగిడుచున్నవి. ఆ వంతెన స్తంభముల నీడన నేటికిని మిగిలిన గుఱ్ఱము పెండ్లి గుఱ్ఱమొక్కటే.

ఆ గుఱ్ఱము దినచర్య యెట్టిదో ఒక్కమాఱు చూడుడు. మధ్యాహ్నము మూడు గంటలకు దానిని సాలనుండి విప్పుదురు. స్నానము చేయించి, జరీ జూలు కప్పి, కళ్లెము బిగించి లారీ నెక్కింతురు. అయిదింటికి అది పంజగుట్ట సందులో దిగును. వరుడు వచ్చునది ఎనిమిదికో తొమ్మిదికో. అంతవరకు అది దీపముల నడుమ, బ్యాండు మేళముల నడుమ, టపాకాయల నడుమ కదలక నిలిచియుండవలెను. బరాతు సాగి, మండపము చేరి, ఫొటోలు ముగిసి, బాడుగ సొమ్ము చేతికి వచ్చునప్పటికి అర్ధరాత్రి దాటును. ఇల్లు చేరినది తెల్లవాఱుజామున రెండు గంటలకు. అప్పుడు జాలిగొన్న యజమానుడు ఒక పెద్ద తొట్టి నిండ నానిన ఉలవలో శనగలో బార్లీయో ముందుంచును. మూడింటినుండి రెండింటివరకు పదునొకండు గంటలు. ఈ నడుమ ఆ గుఱ్ఱము నోట గడ్డిపోచ పడలేదు. ఆ పదునొకండు గంటలే నేటి నా ప్రసంగ విషయము.

గుఱ్ఱము కడుపు ఎద్దు కడుపు వంటిది కాదు. ఎద్దు పొట్టలోని పెద్ద సంచి నూఱు లీటర్లకు మించి పట్టును. అది మేతను అందు నింపుకొని, తీరికగా పండుకొని నెమరు వేయును. గుఱ్ఱమునకు నెమరు లేదు. అంత పెద్ద జంతువునకు జీర్ణాశయము 8 మొదలు 15 లీటర్లవఱకే పట్టును. స్వేచ్ఛగా విడిచినచో అది దినమునకు పదునాఱు గంటలవఱకు కొంచెము కొంచెముగా మేయుచునే యుండును. ఆ చిన్న కడుపు ఎప్పుడును నిండదు, ఎప్పుడును ఖాళీ కాదు.

ఇందుకు తగినట్లే ప్రకృతి దాని కడుపును అమర్చినది. మనకు అన్నము ముందు కూర్చున్నప్పుడు జీర్ణరసము అధికముగా ఊరును. గుఱ్ఱమునకు అట్లు కాదు. అది తిన్నను తినకున్నను, రేయింబవళ్లు ఆమ్లము ఊరుచునే యుండును. ఆ ఆమ్లమును విఱిచివేయునది లాలాజలము. ఈ లాలాజలము చిత్రమైనది. మనకు చింతకాయను తలచిన మాత్రమున నోరూరును గాని గుఱ్ఱమునకు ఊరదు. అది నమలినప్పుడే, నమలినంతసేపే ఊరును. చాలినంత గడ్డి నమలు గుఱ్ఱమునకు దినమునకు 30 లీటర్లకు పైబడి లాలాజలము దిగుచుండును. అందలి క్షారము కడుపులోని పులుపును చల్లార్చును. దవడ ఆగినదా, లాలాజలమాగును. ఆమ్లము మాత్రము ఆగదు.

కడుపు లోపలి పొర యంతయు ఒక తీరున నుండదు. క్రింది రెండు పాళ్లు ఆమ్లము నూరు భాగము. దానికి జిగురు వంటి రక్షణపు పూత గలదు. పైనున్న మూడవ పాలు పలుచని చర్మము వంటిది. దాని కట్టి పూత లేదు. గడ్డి తిన్న గుఱ్ఱము కడుపులో ఆ గడ్డి మందమైన చాప వలె తేలుచు, క్రింది ఆమ్లమును పైకి ఎగయనీయదు. కడుపు ఖాళీగా నున్నప్పుడు గుఱ్ఱమును నడిపించినను, దుమికించినను, పొట్ట కండరములు బిగిసి ఆ ఆమ్లము పైపొరపై చిందును. నీళ్లు సగమున్న కుండను చంకనెత్తుకొని పరుగెత్తినట్లే. పుండ్లలో పెక్కు పుట్టుచోటు ఆ పైభాగమే. కాబట్టి "పని ముందర మేత పెట్టరాదు, కడుపు తేలికగా నుండవలె" నను నమ్మకము ఎంత పాతదైనను సరియైనది కాదు. దాణా పెట్టరాదనుట నిజమే, గడ్డి పెట్టవలెను.

ఈ మాట ఊహ కాదు. పందెములకు తయారుచేయు గుఱ్ఱముల కడుపులలోనికి గొట్టపు దర్శిని దించి చూచిన వైద్యులు పలు దేశములలో పదింట ఎనిమిది తొమ్మిదింటికి పుండ్లను కనుగొన్నారు. వానికి గడ్డి తక్కువ, దాణా ఎక్కువ, పరుగెక్కువ. అమెరికాలో గుఱ్ఱములకు ఒక దినము మేతయు మఱునాడు పస్తును పెట్టి చూచినారు. కొలది దినములలోనే పుండ్లు కనబడినవి. డెన్మార్కులో 201 గుఱ్ఱములను పరీక్షించి 2009లో ప్రకటించిన ఫలితము మనకు మఱింత పనికివచ్చును. అవి పందెపు గుఱ్ఱములు కావు, సామాన్యులు పెంచుకొన్నవి. గడ్డికిని గడ్డికిని నడుమ ఆఱు గంటలకంటె ఎక్కువ ఎడము, దాణాలో పిండి పదార్థపు ఆధిక్యము, ఎండు పంటగడ్డి తప్ప వేఱు మేత లేకుండుట, మేయుచోట నీరు లేకుండుట — ఇవి గల గుఱ్ఱములకు పుండ్లు ఎక్కువగా నుండెను. ఈ నాలుగును మన పెండ్లి గుఱ్ఱమున కున్నవా లేవా యని ఎవరికి వారు లెక్క చూచుకొనవచ్చును.

ఇచట ఒక ముచ్చట చెప్పి ముందునకు సాగెదను. మన తెలుగు దేశమున మేలిజాతి గుఱ్ఱము ఎప్పుడును సముద్రము దాటివచ్చిన సొత్తే. కాకతి గణపతిదేవుని కొలువున గంగయ సాహిణి యను దండనాథుడుండెను. సాహిణి యనగా అశ్వములపై అధికారి. విజయనగరమున సాళువ నరసింహరాయలు ఓడలలో వచ్చు గుఱ్ఱములను బ్రతికినవానిని చచ్చినవానిని సమానముగా కొనెననియు, దారిలో చచ్చినవాని తోక తెచ్చి చూపినను సొమ్మిచ్చెననియు పోర్చుగీసువాడైన నూనిజు వ్రాసియున్నాడు. ఇంత ధనము పోసి తెచ్చిన గుఱ్ఱములను ఎట్లు మేపినారన్నచో, పదమూడవ శతాబ్దపు చివర దక్షిణ తీరమునకు వచ్చిన మార్కోపోలో చెప్పిన మాట విన సిగ్గగును. ఇచట గుఱ్ఱములకు మాంసముతో ఉడికించిన అన్నము పెట్టుదురనియు, పోషించు తెలివి లేక అవి చచ్చుచున్నవనియు అతడు వ్రాసినాడు. అతడు చూచినది తమిళ తీరము. మనము ఊరట చెందుట కేమియు లేదు. మనుమంచి భట్టు హయలక్షణసారమును తెలుగున వ్రాసినను, చదివి ఆచరించినవారెందరు? ఉడికించిన అన్నము పోయి నానిన ఉలవల తొట్టి వచ్చినది గాని, గుఱ్ఱము గడ్డి తినునట్టి జంతువన్న సంగతిని మఱచుట పోలేదు.

పుండు పడినదని తెలియు టెట్లు? గుఱ్ఱము వాంతి చేసికొనజాలదు. దాని గొంతు నిర్మాణమే అట్టిది. నోరు తెఱచి చెప్పజాలదు. అయినను కనిపెట్టువానికి గుర్తులున్నవి. మునుపు తొట్టి నాకి శుభ్రము చేయు గుఱ్ఱము దాణాను సగము తిని మొగము తిప్పుకొనును. గడ్డి మాత్రము తినును. వెండ్రుకలు మెఱుపు తప్పి గరుకగును. తిన్నను ఒడలు పట్టదు. జీను పటకా బిగించునప్పుడు చెవులు వెనుకకు వాల్చి కఱవ వచ్చును. దానిని పొగరని కొట్టెదరు, పొగరు కాదది. తిన్న పిమ్మట కొంచెము సేపు పొట్టవైపు తిరిగి చూచును, కాలితో నేల గీకును. కొన్నింటికి ఈ గుర్తులలో ఒకటియు పైకి కానరాదు, చుఱుకుదనము తగ్గుట మాత్రముండును. ఈ గుర్తులు నులిపురుగులవలనను, పండ్ల జబ్బులవలనను గూడ కలుగవచ్చును. నిశ్చయించుటకు మూడు మీటర్ల పొడవుగల గొట్టపు దర్శినిని ముక్కుద్వారా కడుపులోనికి దించి చూడవలెను. అది గ్రామములందు దొరకునది కాదు. కావున మనకు నివారణమే ముఖ్యము.

ఇక మేత. నా మాటలన్నింటిలో జ్ఞాపకముంచుకొనవలసినది ఇదియే గనుక నెమ్మదిగా చెప్పెదను. మన పెండ్లి గుఱ్ఱము బరువు సుమారు 300 కిలోలనుకొందము. దానికి దినమునకు 6 కిలోల ఎండుగడ్డి కావలెను. ఎట్టి స్థితిలోను నాలుగున్నర కిలోలకు తగ్గరాదు. పచ్చిగడ్డి యైనచో నీటిపాలు గలదు గనుక దానికి మూడు నాలుగింతలు పెట్టవలెను. గడ్డిలో గరిక శ్రేష్ఠము. వరిగడ్డి ఒక్కటే పెట్టి ఊరకుండరాదు; ఇతర గడ్డితో కలిపి, కాలక్షేపమునకు నమలుటకు పెట్టవచ్చును. పచ్చి జొన్నయు సూడాను గడ్డియు గుఱ్ఱమునకు మూత్రాశయ వ్యాధి తెచ్చును గనుక ఎద్దులకే విడిచిపెట్టుడు. లూసర్న్ గడ్డి దొరికినచో దినమునకు ఒక కిలో ఎండుది కలుపుడు. దానిలోని సున్నపు పాలు, మాంసకృత్తులు పులుపును అణచును.

గడ్డి గొప్పతనము నమలుటలో నున్నది. కిలో ఎండుగడ్డి తినుటకు గుఱ్ఱమునకు సుమారు నలువది నిమిషములు పట్టును; కిలో దాణా పది నిమిషములలో ముగియును. నలువది నిమిషములు నమలినచో నలువది నిమిషముల లాలాజలము. దాణాలోని పిండి కడుపులో పులిసి మఱికొన్ని ఆమ్లములను పుట్టించును గూడ. కాబట్టి 300 కిలోల గుఱ్ఱమునకు ఒక పూటకు అర కిలో బార్లీకి మించరాదు; దినమంతటికి కిలోకు మించకుండుట మేలు. పనిలేని దినములలో అదియు నక్కఱ లేదు. "ఉలవలు లేక బలమెట్లు వచ్చు?" నని అడుగువారున్నారు. వరుని మోసికొని అమీర్‌పేట చౌరస్తానుండి ఫర్లాంగు దూరము నడచు గుఱ్ఱమునకు పందెపు గుఱ్ఱము బలముతో పనియేమి? చిక్కిన గుఱ్ఱమునకు దాణా పెంచుటకు బదులు మంచి గడ్డి పెంచి, గుక్కెడు వేరుసెనగ నూనె అలవాటు చేయుడు. ఏ మార్పైనను పది దినములలో కొంచెము కొంచెముగా చేయవలెను.

బరాతు దినమున చేయవలసినది వేఱుగా చెప్పెదను. బయలుదేరుటకు ముందు అరగంట సేపు లూసర్న్ గాని గరిక గాని రెండు మూడు దోసిళ్లు తినిపింపుడు. అది ఆమ్లముపై చాప పఱచినట్లగును. లారీలో వలసంచిలో గడ్డి కట్టుడు. పంజగుట్టలో దిగిన పిమ్మట వరుడు వచ్చువఱకు కళ్లెము విప్పి, పగ్గముతో కట్టి, గడ్డి వల ముందు వ్రేలాడదీయుడు. రాత్రి ఇల్లు చేరగానే మొదట నీరు, పిమ్మట గడ్డి. దాణా మఱునాటి ఉదయమునకు. రాత్రియంతయు ముందు గడ్డి యుండవలెను. చిన్న కన్నుల వల వాడినచో అదే గడ్డి ఎక్కువసేపు వచ్చును, ఖర్చు పెరుగదు.

దీనికి గుఱ్ఱపు యజమానులు చెప్పు అభ్యంతరములు నేనెఱుగుదును. జరీ జూలు పాడగు నందురు. పందిరి ముందు పేడ వేసినచో పెండ్లివారు కోపింతు రందురు. పొట్ట ఉబ్బి చూపునకు బాగుండ దందురు. మొదటిదానికి జూలు చివర కప్పుట మందు. రెండవదానికి ఒక గోనెసంచి, ఒక చీపురు చాలును. మూడవది చూచువారి తప్పు. పెండ్లిగుఱ్ఱపు పొట్టను కొలుచుటకు వియ్యాలవారు రారు. కాని అయ్యా, పెండ్లివారలారా, మీతో గూడ చెప్పవలసియున్నది. బాడుగ మాటాడునప్పుడు గడ్డి నీరు పెట్టుటకు తావు చూపుడు. ముహూర్తము తొమ్మిదికైనచో గుఱ్ఱమును అయిదింటికి రప్పింపకుడు. మండపము కొళాయివద్ద ఒక బకెట్టు నీరిచ్చినచో శుభకార్యమునకు లోపము రాదు. టపాకాయలు దాని కాళ్లసందున కాల్చకుడు. బెదరిన గుఱ్ఱము మేత మానును, మేత మానినచో ఏమగునో ఇంతసేపును చెప్పితిని.

నీరు రేయింబవళ్లు ఎదుట నుండవలెను. ఉప్పు మేతతో కలిపి పెట్టవలెను. ఖాళీ కడుపున చిక్కని ఉప్పుద్రావణము పోసినచో పుండు రేగును. గుఱ్ఱము మందలో బ్రదుకు జంతువు. నాలుగు గోడల నడుమ ఒంటరిగా కట్టివేయక, మఱియొక గుఱ్ఱము కంటబడునట్లు కట్టుడు. పనిలేని పగటివేళ బీడున విడువుడు. కాలు కుంటిన ప్రతిసారి నొప్పి సూది పొడిపించు వాడుక మానవలెను. ఫినైల్ బ్యుటజోన్ వంటి నొప్పి మందులు కడుపు క్రిందిభాగపు రక్షణపు పూతనే దెబ్బతీయును. రెండు నొప్పి మందులు ఒకేసారి ఇచ్చుట మఱింత కీడు. వైద్యుడు చెప్పిన మోతాదునకు, చెప్పిన దినములకు మించరాదు.

మందు మాట. మనుష్యుల కడుపు పుండునకు హెలికోబాక్టర్ అను సూక్ష్మజీవి ముఖ్యకారణమని కనుగొన్న మార్షల్, వారెన్ అను ఆస్ట్రేలియా వైద్యులకు 2005లో నోబెల్ బహుమానము లభించినది. గుఱ్ఱమున అట్టి కారణము రుజువు కాలేదు. దాని పుండు మనము పెట్టు పస్తుది. అయినను మందు ఒక్కటే. ఒమెప్రజోల్ అను ఆ మందు స్వీడనులో పుట్టి, 1988లో అంగడికి వచ్చినది. తాడేపల్లిలో జన్మించిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 1991లో దానిని ఒమెజ్ అను పేర తక్కువ వెలకు మన దేశమున విక్రయించినది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయము పెక్కేండ్లు అమీర్‌పేటలోనే యుండెను. దేశ దేశములవారి కడుపుమంట చల్లార్చు మందునకు నిలయమైన వీథికి కొంచెము దూరముననే ఒక గుఱ్ఱము ఖాళీ కడుపుతో నిలిచియుండుట నాకు వింతగా తోచును.

గుఱ్ఱములకై తయారైన ఒమెప్రజోల్ ముద్ద మందునకు 1999లో అమెరికా ప్రభుత్వము అనుమతి నిచ్చినది. అది ఉదయమున మేతకు ముందు, మూడు నాలుగు వారములు ఇయ్యవలెను. మన మాత్రలను చిదిపి దాణాలో కలుపువారున్నారు, అది వ్యర్థము. ఆ గుళికలపై పూత గుఱ్ఱము పండ్లక్రింద నలిగిపోవును, మందు కడుపులోని ఆమ్లమునకే ఆహుతి యగును. వంటసోడా, సున్నపు తేట కొంతసేపు ఉపశమనము నిచ్చును గాని పుండును మాన్పవు. మసాలా ఉండలు అసలే వద్దు. మందుతో మానిన పుండు, మేత మారనిచో, మందు ఆపిన కొలది దినములకే మరల వచ్చును. బరువునుబట్టి గుఱ్ఱమునకు పట్టు మందు ఖరీదు చూచినచో గడ్డి మోపు ఖరీదు ఎంత తక్కువయో తెలియును.

గుఱ్ఱము నేలబడి దొరలుచున్నను, చెమటలు పట్టి పేడ వేయకున్నను అది అల్సరని కూర్చుండక వెంటనే పశువైద్యునికి కబురంపవలెను. అది ప్రేగు మెలిక కావచ్చును, గంటలలో ప్రాణము తీయును. అట్టి వేళ మాత్రము మేత తీసివేయుడు.

గుఱ్ఱములున్నవారు రేపు ఉదయము వానిని ఈ గ్రంథాలయపు వెనుక చెఱువుగట్టునకు తెచ్చినచో పండ్లు చూచి, బరువు కొలిచి, ఎవరి గుఱ్ఱమునకు ఎన్ని కిలోల గడ్డియో కాగితముపై వ్రాసి యిచ్చెదను. ఖాళీ కడుపుతో తేవలదు.